సైన్సు సారూ, బుడ్డల ముద్దా

మా సైన్సు సారు పోయారు. ఆ ఆదివారం పొద్దున తొమ్మిది దాటింది. ఒక కారుకు నురగ కొట్టి, మురికి నానాలని పక్కన నిలబడి ఉన్నాను. ఫోను మోగింది. సారు నంబరే. "ఏం సార్, ఇంకా బయల్దేరలేదా?" అన్నాను. అవతల మేడమ్ గొంతు వినిపించింది.

"సారు ల్యారమ్మా. చెట్లకు నీళ్ళు పోస్తా పోస్తా ఆడనే కూలబడినారు. ఆసుపత్రికి తీసకపోయేలోపలే అయిపాయ. ఆదివారం కదా, నువ్వు ఎదురు చూస్తాంటావని చేసినా."

తన భర్త పోయిన గంటకే, నేను ఎదురుచూస్తానని గుర్తుపెట్టుకుని ఫోను చేసిన మనిషి ఆమె. "వస్తాండా మేడమ్" అని మాత్రం అన్నాను. నురగ ఆరిపోతే కారుమీద చారలు పడతాయి. అందుకని ఆ కారు కడిగి, తుడిచి, దాని మనిషికి అప్పజెప్పి, మోటారు ఆపేశాను. ఆ తర్వాతగానీ నాకు ఏడుపు రాలేదు.

కార్లు కడిగే ఆడమనిషి ఒక సారు గురించి ఏం రాస్తుందని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. కానీ ఆయన గురించి గొప్పగా రాయగలిగినవాళ్ళెవరికీ ఆ నల్ల ప్లాస్టిక్ సంగతి తెలియదు. అది నాకూ ఆయనకూ మధ్య జరిగింది. నేను రాయకపోతే అది ఉండదు.

ఆదోని ఊరు దాటుతుండగా ఎమ్మిగనూరు రోడ్డు మీద ఎడమవైపు ఒక వాటర్ సర్వీసు ఉంది. అది మాది. పెట్టింది నా భర్త. నేను అప్పట్లో జిన్నింగు మిల్లులో పని చేసేదాన్ని. పత్తి దూది గొంతులో చేరి దగ్గు పట్టుకుంది. మిల్లు మానేసి ఇంట్లో కూర్చున్న ఏడాదే ఆయన నీళ్ళ ట్యాంకు మీదనుంచి జారి పడ్డాడు. నడుము దెబ్బతింది. లేచి నడుస్తాడు గానీ వంగలేడు. వంగలేనివాడు కారు కడగలేడు. దుకాణం మూసేద్దామంటే తిండికి వేరే దారి లేదు. అందుకని గొట్టం నేను పట్టుకున్నాను.

మొదట్లో కార్లు రాలేదు. రోడ్డు మీద ఆగి, నన్ను చూసి, "మీ ఆయన ల్యాడా?" అని అడిగి పోయేవాళ్ళు. తర్వాత మార్కెట్ యార్డులో పత్తి వ్యాపారం చేసే ఒక సేటు తన పాత కారు పంపించాడు. పని నచ్చింది. ఆయన్ను చూసి ఇంకో నలుగురు పంపారు. ఆ నలుగురి మీదే మా ఇల్లు నడిచింది.

ఆ సేటు కొత్త కారు కొన్నాడు. ఎర్ర కారు. చక్రాల చుట్టూ, తలుపుల కింద, బంపరు అంచుల్లో అంతా నల్ల ప్లాస్టిక్. "పాలిష్ పెట్టమ్మా, మెరవాల" అన్నాడు. అప్పటికి నేను పాలిష్ పని సొంతంగా ఎప్పుడూ చేయలేదు. మైనం ఉన్న పాలిష్ డబ్బా తెప్పించాను. మెరవాలన్న ఆత్రంలో ఎర్ర రంగుకూ రాశాను, నల్ల ప్లాస్టిక్‌కూ రాశాను. అదీ ఎండలో. ఎర్ర రంగు అద్దంలా తేలింది. నల్ల ప్లాస్టిక్ మాత్రం సన్నటి గరుకుగా ఉంటుంది, నిమ్మకాయ తొక్కలాగా. ఆ గుంటల్లోకి మైనం దూరి ఎండిపోయింది. సాయంత్రానికి కారు చుట్టూ తెల్లటి మరకలు తేలాయి.

సేటు వచ్చి చూశాడు. "ఏందమ్మా ఇది? పాలిష్ పెట్టమంటే సున్నం కొట్టినావే!"

"పోతాది సేటూ, కడుగుతా."

"కడుగు. రేపు సాయంత్రం వస్తా. నేను ఎట్ల ఇచ్చినానో అట్ల ఇయ్యాల. ల్యాకపోతే యార్డులోనుంచి ఒక్క కారు గూడ నీ తావుకు రాదు."

అరిచి చెప్పి ఉంటే ఇంత భయం వేసేది కాదు. ఆయన మెల్లగా చెప్పి, నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. చీకటి పడేదాకా సబ్బుతో రుద్దాను. మరకలు పోలేదు. దుకాణం వెనకే ఉన్న మా రెండు గదుల్లోనుంచి నా భర్త బయటకొచ్చి గోడకు ఆనుకుని చూస్తున్నాడు. "ఆడమనిషికి ఈ పని ఏందని అందరూ అంటానే ఉండ్రి. మూసేద్దాం మ్మే" అన్నాడు. అది ఎత్తిపొడుపు కాదు, నామీద జాలి. జాలే నాకు ఎక్కువ బాధగా ఉండింది.

మరుసటి రోజు ఆదివారం. పొద్దున్నే పెయింటర్ దగ్గర థిన్నర్ డబ్బా తెచ్చుకున్నాను. మూత తీస్తుండగా ఒక పాత తెల్ల కారు ఎగిరెగిరి పడుతూ లోపలికొచ్చి, నా బకెట్‌కు జానెడు దూరంలో ఆగింది. అందులోంచి దిగిన మనిషిని చూడగానే గుర్తుపట్టాను. నన్ను మాత్రం ఆయన గుర్తుపట్టకూడదని కోరుకున్నాను.

ఎందుకో చెప్పాలి. పెద్దకడుబూరు హైస్కూల్లో పదో తరగతి చదివేటప్పుడు ఆయన మాకు సైన్సు సారు. పత్తి తీసే కాలంలో మా అమ్మతో కూలికి పోయి, వారం పదిరోజులు బడి మానేదాన్ని. అలా మానేసి వచ్చిన ఒకరోజు ఆయన నన్ను లేపి ప్రశ్న అడిగారు. నేను నోరు తెరవలేదు. "నీకు సైన్సెందుకు మ్మా? పోయి పత్తి ఏరుకో పో" అన్నారు. తరగతి అంతా నవ్వింది. ఆ ఏడు నాకు సైన్సు పోయింది, లెక్కలు పోయాయి. మళ్ళీ రాయలేదు. ఆయన చెప్పినట్టే పోయి పత్తి ఏరుకున్నాను.

ఆయనకు జుట్టంతా నెరిసింది. రిటైరై ఎమ్మిగనూరులో ఇల్లు కట్టుకున్నారట. అరవై దాటాక డ్రైవింగ్ నేర్చుకుని ఆ పాత కారు కొన్నారట. ఆదోనిలో మేడమ్ వాళ్ళ అక్క ఉంటుంది. ప్రతి ఆదివారం మేడమ్‌ను అక్కడ దింపి, సాయంత్రందాకా ఆయన ఏదో ఒకటి చేస్తూ ఉంటారు. ఇవన్నీ దిగిన రెండు నిమిషాల్లోనే చెప్పేశారు. తర్వాత నా చేతిలో డబ్బా చూశారు. ఎర్ర కారు చూశారు. నా మొహం చూశారు.

"ఆగు పాపా. నువ్వు కడుబూరు బడిలో నా దగ్గర చదువుకున్న దానివి కదూ?"

"అవును సార్."

ఆయన మళ్ళీ డబ్బా వైపు చూశారు. "అది ఆయప్ప కారు మీద పొయ్యాకు. ముందు నా కారు మీద పొయ్యి."

నాకు అర్థం కాలేదు. ఆయన తన కారు పక్కకు తీసుకెళ్ళి చూపించారు. దాని తలుపుల మీద నల్ల పట్టీలు ఉన్నాయి. వాటి నిండా అవే తెల్ల మరకలు. "నేనే పెట్టినా పాలిష్. శ్రద్ధగా పెట్టినా" అని నవ్వారు. "ఏదైనా ముందు కనపడని తావులో చేసి చూడాల. ఈ బంపరు కింద అంచు ఉండాదే, ఈడ పెట్టు."

గుడ్డ కొన థిన్నర్‌లో ముంచి ఒక్కసారి తుడిచాను. మరక పోయింది. నా ప్రాణం లేచివచ్చింది. ఆయన నా చేతిలో గుడ్డ తిప్పి చూపించారు. గుడ్డంతా నల్లగా ఉంది. తుడిచినచోట ప్లాస్టిక్ బూడిద రంగుకు తిరిగి, పాలిపోయింది.

"చూస్తివా? మరకా పాయ, తోలూ పాయ" అన్నారు. ఆ ఎర్ర కారు మీద అదే చేసి ఉంటే నా బతుకు ఏమయ్యేదో తలుచుకుని డబ్బా మూత గట్టిగా బిగించేశాను. ఆయన మాత్రం ఉత్సాహంగా చేతులు రుద్దుకుంటున్నారు. "మంచిదే. ఒకటి తెలిసింది. ఇప్పుడు రెండోది."

రెండోది గిన్నెలు తోమే సబ్బునీళ్ళు, వేడిగా. పళ్ళ బ్రష్షుతో రుద్ది నీళ్ళు కొట్టాను. పట్టీ నల్లగా నిగనిగలాడింది. "పోయింది సార్!" అని అరిచాను.

"తడిగా ఉన్నప్పుడు నమ్మాకు. ఆరనీ."

ఇద్దరం నిలబడి చూశాం. ఎండకు నీళ్ళు ఆరుతున్నకొద్దీ, లోపలినుంచి తెల్లదనం మెల్లగా పైకి తేలింది. నేను తలపట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. ఆయన వచ్చి పక్కనే బోర్లించిన బకెట్ మీద కూర్చున్నారు.

"పాపా, కొవ్వొత్తి మైనం చేతికి అంటితే మీ ఇంట్లో ఏం చేస్తారు?"

"నూనె రాసుకుంటాం సార్."

"ఎందుకు? నీళ్ళతో కడగొచ్చు కదా?"

"మైనం నీళ్ళకు లొంగదు సార్. నూనెకు లొంగుతాది."

"అదీ!" అని తొడమీద చరుచుకున్నారు. పదో తరగతిలో ఆయనకు చెప్పలేకపోయిన దాన్ని, అంత వయసులో ఆ అరుగు మీద ఒక జవాబు చెప్పాను.

ఇంట్లోనుంచి వేరుశెనగ నూనె తెచ్చి రాశాం. మైనం కొంచెం మెత్తబడింది. కానీ గుంటల్లోనుంచి పైకి రాలేదు. నూనె ఉన్నచోట దుమ్ము అంటుకుని ఇంకా అసహ్యంగా తయారైంది. "నూనె ఉండాల, దాంతోపాటు లోపలికి పోయి పట్టి లాగేది ఏదో ఒకటి ఉండాల. గరుగ్గా ఉండాల, గీతలు పడగూడదు. ఏందది?" అని ఆయన తనలో తాను అనుకుంటున్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బుడ్డలంటే మావైపు వేరుశెనగ గింజలు. చట్నీకి బుడ్డలు వేయించి నూరేటప్పుడు, నూరేకొద్దీ ముద్ద నూనె వదులుతుంది. ఆ ముద్ద తీసిన చేయి కడుక్కుంటే, గోళ్ళ సందుల్లో ఎన్నాళ్ళదో మురికి కూడా దాంతోపాటు వచ్చేస్తుంది. మిల్లులో పనిచేసే రోజుల్లో నా చేతులకు అంటిన గ్రీజు అలాగే పోయేది. అది గుర్తొచ్చింది. చెప్పడానికి భయం వేసింది. మళ్ళీ ఎక్కడ నవ్వుతారో అని.

"సార్... బుడ్డల ముద్ద?"

ఆయన నవ్వలేదు. బకెట్ మీదనుంచి లేచి నిలబడ్డారు. "మళ్ళీ చెప్పు" అన్నారు.

చట్నీకని వేయించి పెట్టిన బుడ్డలు ఇంట్లో ఉన్నాయి. పొట్టు తీసి, ఉప్పూ కారం లేకుండా మిక్సీలో మెత్తగా నూరాను. పళ్ళ బ్రష్షుకు ఆ ముద్ద పెట్టి, ఆయన కారు పట్టీ మీద కొంచెం చోట గుండ్రంగా రుద్దాను. గుడ్డతో తుడిచాను. సబ్బునీళ్ళతో జిడ్డు కడిగేశాను. నల్లగా ఉంది. కానీ ఈసారి నేను అరవలేదు. ఇద్దరం ఎండలో నిలబడి అది ఆరేదాకా కాచుకున్నాం. నా భర్త కూడా వచ్చి నిలబడ్డాడు. నీళ్ళు ఆరిపోయాయి. పట్టీ నల్లగానే ఉంది. అరగంట చూశాం. నల్లగానే ఉంది.

"ఇది నేను చెప్పలేదు. నువ్వు చెప్పినావు" అన్నారు సారు.

ఇక ఎర్ర కారు. దాన్నీ ముందు కనపడని చోటే మొదలుపెట్టాం. సారు ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, ఒక వైపు చక్రం దగ్గర చతికిలబడ్డారు. ఆవైపు నేను. నా భర్త గోడకు ఆనుకుని బుడ్డల పొట్టు తీసి ఇస్తున్నాడు. మేడమ్ రెండుసార్లు ఫోను చేసింది భోజనానికి రమ్మని. రెండుసార్లూ ఆయన చెప్పింది ఒకటే మాట: "ల్యాబులో ఉండా." కారు వెనక పేరు అక్షరాల చుట్టూ సన్నటి సందుల్లోకి బ్రష్షు పోలేదు. అక్కడ ఆయన జేబులోనుంచి, పెన్సిలు గీతలు చెరిపే రబ్బరు ముక్క తీసి, ఓపికగా చెరుపుతూ కూర్చున్నారు. రిటైరైనా ఆయన జేబులో రబ్బరు ఎందుకుందని నేను అడగలేదు.

సాయంత్రం సేటు వచ్చాడు. కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. బంపరు మీద వేలు రాసి, వాసన చూశాడు.

"బుడ్డల వాసన వస్తాందేందమ్మా?"

నేను నోరు తెరిచేలోగా సారు గిన్నె చూపించారు. "కొంచెం మిగిలింది సేటూ, తింటావా?"

సేటు పకపకా నవ్వాడు. అంత కఠినంగా మాట్లాడిన మనిషి అంత బాగా నవ్వగలడని నాకు అప్పుడే తెలిసింది. మరుసటి వారం ఆయన ఇంకో రెండు కార్లు పంపించాడు. వచ్చినవాళ్ళు, "బుడ్డలతో కడిగే ఆయమ్మ నువ్వేనా?" అని అడిగారు.

ఆనాటినుంచి సారు దాదాపు ప్రతి ఆదివారం వచ్చేవారు. వస్తూ వస్తూ ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ పొట్లాలు కట్టించుకుని తెచ్చేవారు. తన కారు తనే కడుక్కునేవారు, నేను వద్దన్నా వినకుండా. ఆ థిన్నర్ మచ్చను మాత్రం ఎప్పుడూ దాచలేదు. రంగు వేయిస్తానంటే వద్దన్నారు. ఎవరైనా అడిగితే, "అది మా ప్రయోగం" అని గర్వంగా చెప్పేవారు. నన్ను డ్రైవింగ్ నేర్చుకోమని పోరింది ఆయనే. "రోజూ కార్లు కడుగుతావు, ఒక్కటన్నా తోలవా?" అని తన కారులోనే నేర్పించారు. మార్కెట్ యార్డు వెనక ఖాళీ మైదానంలో నేను గేరు మార్చినప్పుడల్లా ఆయన ప్రాణం గొంతులోకి వచ్చేది. అయినా తన చేయి మాత్రం స్టీరింగ్ మీదికి రానిచ్చేవారు కాదు.

కోపం వచ్చినప్పుడు, ఎవరైనా బేరమాడి బాధపెట్టినప్పుడు, నేను గబగబా ఏదో నిర్ణయం చేస్తుంటే, "ఆరినాంక చూద్దాం పాపా" అనేవారు. రెండు రోజులు పోయాక చూస్తే సగం కోపాలు మరకలు కావు, వట్టి తడి. మిగతా సగం నిజంగానే మరకలు. వాటి సంగతి అప్పుడు చూసేవాళ్ళం.

మా ఇద్దరి మధ్యా ఒక మరక ఉండింది. దాని గురించి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నాలుగైదు నెలలు పోయాక ఒక ఆదివారం, వాన పడుతూ కార్లేవీ రాని రోజు, షెడ్డు కింద కూర్చుని ఉండగా ఆయనే అన్నారు.

"తరగతిలో నేను నిన్ను ఒక మాట అన్నా. గుర్తుండాదా?"

"ఉండాది సార్."

"నాకూ ఉండాది. ఆ మాట అన్నాంక నువ్వు సంచి తీసుకుని కూర్చున్నావు. తలకాయ ఎత్తలేదు. మరుసటి ఏడు పరీక్ష మళ్ళీ రాసేదానికి నువ్వు రాలేదు. అప్పుడు తెలిసింది నాకు." ఆయన వాన వైపు చూస్తూ చెప్పారు. "మరక తీసేటప్పుడు తోలు ఊడగూడదు. నేను పిల్లోళ్ళ తప్పు తీస్తాండా అనుకుని ఎందరి తోలు తీసినానో. నన్ను క్షమించమ్మా."

ఇలాంటి చోట, "అయ్యో, అదేం లేదు సార్" అనడం మర్యాద. నేను అనలేకపోయాను. ఇరవై ఏళ్ళకు పైగా ఆ మాట నా వెంట వచ్చింది. పత్తి చేలోకి వచ్చింది, మిల్లులోకి వచ్చింది. "ఆ మాటకు నేను శానా ఏడ్చినా సార్" అన్నాను. అంతే. క్షమించానని చెప్పలేదు. ఆయన తల ఊపారు. నా జవాబును సరిదిద్దలేదు. వాన ఆగాక కారు తీసుకుని వెళ్ళిపోయారు.

మరుసటి ఆదివారం వస్తారో రారో అనుకున్నాను. వచ్చారు. ఉగ్గాని పొట్లాలతోపాటు పదో తరగతి సైన్సు పుస్తకం తెచ్చారు. కొత్తది, అట్ట వేసినది. "ఓపెన్ స్కూల్లో పది రాయొచ్చు. నువ్వు ఫీజు కట్టు, నేను చెప్తా" అన్నారు.

"ఈ వయసులో నాకు పరీక్షేంది సార్?"

"ఇది నీ పరీక్ష కాదు పాపా. నాది. ఆ ఏడు నేను ఫెయిలైనా. మళ్ళీ రాసుకునే దానికి ఒక అవకాశం ఇయ్యి."

ఆరోజే క్షమించానో, ఆ తర్వాత మెల్లమెల్లగానో నాకు తెలియదు. కానీ మొదటి పాఠం ఆరోజే చదివాం.

ఆయన చెప్పేది ఒకటి, నా పని ఒకటి కాకుండా చూసుకునేవారు. పీడనం అంటే నా చేతిలో గొట్టం. క్షారం అంటే నా నురగ. కాంతి పరావర్తనం అంటే పాలిష్ పెట్టిన ఎర్ర కారు, దాని పక్కనే మెరవని నల్ల ప్లాస్టిక్. "గరుకు మీద పడిన వెలుతురు నాలుగు దిక్కులకూ చెదిరిపోతాది. అందుకే అది మెరవదు. మెరవకపోతే తప్పేం ల్యా. దాని పని మెరవడం కాదు, దెబ్బ తట్టుకోవడం" అన్నారు ఒకసారి. ఆయన ప్లాస్టిక్ గురించే చెప్పారు. నేను మాత్రం ఆ మాట నాకోసం దాచుకున్నాను.

పరీక్ష రోజు కారులో తనే తీసుకెళ్ళి, బయట వేపచెట్టు నీడలో కూర్చున్నారట, మూడు గంటలూ. నేను బయటకు రాగానే ప్రశ్నపత్రం లాక్కుని, నాకంటే ముందు తనే చదివి, "ఇది రాసినావా? ఇది?" అని ఒకటే కంగారు. సైన్సు పాసయ్యాను. అన్నింటికంటే ఎక్కువ మార్కులు దాంట్లోనే. లెక్కలు మాత్రం పోయాయి. "లెక్కలు నా సబ్జెక్టు కాదు, ఆ తప్పు నామీద ల్యా" అని నవ్వారు. ఫలితం వచ్చిన రోజు ఆయన సేటుకు కూడా ఫోను చేసి చెప్పారట. సేటు నాకు చెప్పాడు: "మీ సారు వాళ్ళింట్లో పెండ్లి జరిగినట్ల మాట్లాడినాడమ్మా."

ఆయన పోయిన రోజు బస్సెక్కి ఎమ్మిగనూరు పోయాను. ఇంటినిండా జనం. ఎక్కువమంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. లాయరు, ఆర్టీసీ కండక్టరు, నర్సు, ఇద్దరు టీచర్లు. ఒకరితో ఒకరు ఆయన గొప్పలు చెప్పుకుంటున్నారు. ఒక మూల నా ఈడు మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. పొలం పని చేసే చేతులు. మాటల్లో తెలిసింది, సారు కిందటి ఏడాది హాలహర్వి దగ్గర వాళ్ళ ఊరికి వెతుక్కుంటూ పోయి అతన్ని కలిశారట. "చిన్నప్పుడెప్పుడో కొట్టినాడంట, నాకు గుర్తు గూడ ల్యా. క్షమించమని అడిగిపాయ" అన్నాడు అతను, ఇప్పటికీ ఆశ్చర్యంగా. నా దగ్గరికి రాని ఆదివారాలు కొన్ని ఉండేవి. ఎక్కడికి పోయారని అడిగితే చెప్పేవారు కాదు. అప్పుడు నాకు అర్థమైంది. ఎందరి దగ్గరికి పోయారో, ఎవరెవరు మన్నించారో తెలియదు. అడగడానికి మాత్రం పోయారు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి తప్పు ఒప్పుకోవడం నేను ఎక్కువగా చూడలేదు. చూసినవాళ్ళు ఉంటే, వాళ్ళకు తెలుస్తుంది, అది ఎంత పెద్ద పనో.

ఇప్పుడు నా దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు పని చేస్తున్నారు. ఇద్దరూ మిల్లులో దగ్గు తెచ్చుకున్నవాళ్ళే. మరకలు తీసే మందులు సీసాల్లో వస్తాయి, మామూలు వాటికి అవే వాడతాం. మొండి మరకలకు మాత్రం ఇప్పటికీ బుడ్డలు నూరతాం. వాళ్ళలో ఒకామె మొన్న పాలిష్‌ను పొరపాటున ప్లాస్టిక్ మీదికి పూసేసి, నావైపు భయంగా చూసింది. నాకు కోపం వచ్చింది. నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. "ముందు కనపడని తావులో చూద్దాం రా" అన్నాను. లెక్కల పరీక్షకు మళ్ళీ ఫీజు కట్టాను. ఈసారి చెప్పేది ఇంటర్ చదివే మా పక్కింటి అమ్మాయి.

సారు పోయిన నెలకు మేడమ్ ఫోను చేసింది. కారు అమ్మేయమని చుట్టాలు చెప్తున్నారట. "తోలేవాళ్ళు ల్యారు, పెట్టుకుని ఏం చేస్తావు అంటాండారు" అంది. "నువ్వు నాకు నేర్పిస్తావా?" అని అడిగింది. ఆమెకు అరవై మూడు. స్కూటీ కూడా తోలినామె కాదు. నేను బస్సులో పోయి, కారు తోలుకుని, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఆదోనికి తెచ్చాను.

మొదటి రెండు ఆదివారాలూ ఆ యార్డు వెనక మైదానంలో బండి నాలుగు అడుగులు పోయి ఆగిపోయేది. మూడో ఆదివారం ఆమె నన్ను దిగిపొమ్మంది. "నువ్వు పక్కనుంటే నీవైపే చూస్తాండా. దిగు." దిగి మైదానం మధ్యలో నిలబడ్డాను. కారు ఒక్క ఉలుకు ఉలికి, కదిలింది. రెండో గేరులో, మనిషి నడిచేంత వేగంతో, గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. మలుపు తిరిగేటప్పుడు లైటు వేయబోయి ఆమె ఇంకేదో తిప్పింది. మంచి ఎండ. మబ్బు తునక లేదు. వైపర్లు టకటకా ఆడడం మొదలుపెట్టాయి. వాటిని ఎలా ఆపాలో ఆమెకు తెలియదు. ఆపడానికి కారు నిలపడం ఆమెకు ఇష్టం లేదు. రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, ముందుకే చూస్తూ, నోరంతా తెరిచి నవ్వుతూ, నా చుట్టూ ఇంకొక చుట్టు తిరిగింది. ఎర్రమట్టి దుమ్ము మెల్లగా లేస్తోంది. పొడి అద్దం మీద వైపర్లు అటూ ఇటూ ఊగుతూనే ఉన్నాయి.